రాసుకోవడానికి పెద్ద యాప్ ఎందుకు, నోట్‌ప్యాడ్ చాలు

పోస్టు కొంచెం పొడుగైంది, తీరికున్నప్పుడు చదవండి.

"అన్నా, రాసుకోవడానికి మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పు" అని మన తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ అడుగుతుంటారు. అడిగేవాళ్లలో సగం మందికి లాప్‌టాప్ లేదు. ఉన్నది ఒక ఫోను, అదీ ఇంట్లో అన్నో అక్కో వాడి ఇచ్చింది. జవాబు చెప్పేవాళ్లేమో నెలనెలా డబ్బు కట్టేవి, రంగురంగుల టెంప్లేట్లు ఉన్నవి, ఏఐ ఉన్నవి చెప్తారు. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. రోజువారీ రాతకి మనకు కావలసింది ఏ హంగూ లేని తేలికపాటి టెక్స్ట్ ఎడిటర్. నోట్‌ప్యాడ్ లాంటిది. అక్షరాలు కొడతాం, సేవ్ చేస్తాం, అంతే. బోల్డ్ ఉండదు, రంగులుండవు, ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని ఉంటుంది.

డబ్బుల్లేక చెప్తున్న మాట కాదిది. ఉన్నా ఇదే చెప్తాను. యాప్ ఎంచుకునేటప్పుడు అందరూ "రాయడానికి ఎంత బాగుంది" అని చూస్తారు. నేను చూసేది వేరు. రేపు ఈ యాప్ లేకపోయినా నా రాత నాకు దొరుకుతుందా? ఇంకొకడి ఫోన్లో, ఇంకో ఊళ్లో, పదేళ్ల తర్వాత తెరుచుకుంటుందా? ఈ ప్రశ్న వేసుకుంటే చాలా యాప్‌లు అక్కడికక్కడే పక్కకి పోతాయి.

వేరేవాళ్లకి ఇది అంత పెద్ద విషయం కాకపోవచ్చు, మనకి మాత్రం పెద్దదే. మన గురించి రాసిందంతా చాలాకాలం బయటివాళ్లే. 1940ల్లో హైమెండార్ఫ్ మార్లవాయిలో మన గోండు పెద్దల మధ్య ఉండి రాసుకున్న డైరీలు, కాగితాలు ఇప్పుడు లండన్‌లో సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి. కాగితం మీద రాశాడు, దాచిపెట్టే సంస్థ దొరికింది, కాబట్టి మిగిలాయి. మన తాతలు చెప్పిన ముచ్చట చూడాలంటే మనం లండన్ వైపు చూడాల్సిన పరిస్థితి. ఇప్పుడు రాసేది మన పిల్లలే. నాయనమ్మ చెప్పిన కథ, పేన్‌ల పేర్లు, ఏ కొండకి ఏ పేరు, ఏ చెట్టు బెరడు ఏ జ్వరానికి, అన్నీ ఫోన్లో కొడుతున్నారు. సంతోషమే. కానీ వీటిని దాచడానికి మనకి సోయాస్ లేదు. ఆ ఫైలే మన లైబ్రరీ.

ఇంకో సంగతి. అటవీ హక్కుల చట్టం 2006 కింద క్లెయిమ్ వేసేటప్పుడు ఏమేం సాక్ష్యంగా పనికొస్తాయో 2008 నిబంధనల్లో 13వ నిబంధన చెప్తుంది. అందులో పెద్దల వాంగ్మూలం కూడా ఉంది. క్లెయిమ్ వేసినవాళ్లు కాని పెద్దలు చెప్పింది రాతలో పెడితే అది సాక్ష్యమే. అంటే ఊళ్లో ఎనభై ఏళ్ల తాత "ఆ చెలక మీ ముత్తాత కొట్టిందే" అని చెప్పిన మాటకి చట్టంలో విలువుంది, రాతలో పెడితేనే. ఆ రాసేది ఎవరు? డిగ్రీ చదివి సెలవులకి ఊరికొచ్చిన మన పిల్లలే. ఆ ముక్క ఏదో యాప్‌లో ఇరుక్కుపోయి, గ్రామసభ రోజున తెరుచుకోకపోతే ఎట్ల?

నాకు తెలిసిన ఒక చెల్లె రెండు సెలవులు కూర్చుని వాళ్ల అమ్మమ్మ కథలు ఒక నోట్స్ యాప్‌లో రాసింది. యాప్ పేరు వద్దులెండి. చక్కగా పూల బొమ్మలు, తాళం గుర్తు, అన్నీ ఉన్నాయి. ఫోను పాడైంది. కొత్త ఫోన్లో అదే యాప్ వేసి లాగిన్ అవుదామంటే ఓటీపీ పాత నంబరుకి పోతుంది. ఆ సిమ్ రీచార్జ్ చేయక ఎప్పుడో పోయింది, ఆ నంబరు ఇప్పుడు వేరేవాళ్ల దగ్గరుంది. కథలు ఇప్పటికీ ఎక్కడో కంపెనీ కంప్యూటర్లో ఉండే ఉంటాయి. చెల్లెకి మాత్రం అందవు. అమ్మమ్మ లేదు, మళ్లీ చెప్పించుకోవడానికి.

ఇది ఆ చెల్లె తప్పు కాదు. మన ఊళ్లలో సిమ్ మారడం, ఫోను మారడం మామూలే. లాగిన్ మీద నిలబడే యాప్‌లన్నీ మనిషికి ఒకే నంబరు, ఒకే ఫోను, ఎప్పుడూ సిగ్నల్ ఉంటాయనుకుని తయారవుతాయి. మన దగ్గర సిగ్నల్ కోసం గుట్టెక్కాలి.

సరే, కంపెనీలు మంచివే అనుకుందాం. అయినా మారుతుంటాయి. ఎవర్‌నోట్ అని పేరున్న నోట్స్ యాప్, 2023 డిసెంబరు నుంచి ఉచితంగా వాడేవాళ్లకి 50 నోట్ల పరిమితి పెట్టింది. సింపుల్ మొబైల్ టూల్స్ అని ప్రకటనలు లేని చక్కటి యాప్‌లు ఉండేవి, అందులో నోట్స్ యాప్ కూడా ఉండేది. అదే ఏడాది చివర్లో వాటిని జిపోయాప్స్ అనే కంపెనీకి అమ్మేశారు. కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టి కొందరు దాన్ని తీసుకుని ఫాసిఫై పేరుతో కొనసాగిస్తున్నారు. విండోస్‌లో ఏళ్ల తరబడి ఉన్న వర్డ్‌ప్యాడ్‌నే 2024లో విండోస్ 11 నుంచి తీసేశారు. ఎవరినీ తిట్టడానికి చెప్పట్లేదు, వాళ్ల వ్యాపారం వాళ్లది. ఉత్త టెక్స్ట్ ఫైలుకి మాత్రం వీటితో పని లేదు. ఏ ఎడిటర్ పోయినా ఇంకో ఎడిటర్ తెరుస్తుంది.

ఎందుకు తెరుస్తుందో కొంచెం చెప్తాను, ఇది తెలిస్తే ఎంచుకోవడం తేలిక. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికి, ప్రతి గుణింతపు గుర్తుకి ఒక నంబరు ఉంది. టెక్స్ట్ ఫైలులో ఆ నంబర్లే వరసగా ఉంటాయి, ఇంకేమీ ఉండదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి. "క్క" అంటే క, పొల్లు, క, మూడు గుర్తులు, 9 బైట్లు. ఆ లెక్కన ఈ పోస్టు మొత్తం కొన్ని పదుల కేబీలే ఉంటుంది. 200 పేజీల పుస్తకం రాసినా ఫోన్లో తీసిన ఒక్క ఫొటో అంత ఉండదు. వర్డ్ ఫైలు అలా కాదు, అది నిజానికి ఒక జిప్ మూట, లోపల చాలా ఫైళ్లుంటాయి. కుదించి పెడుతుంది కాబట్టి ఒక్కోసారి టెక్స్ట్ ఫైలు కంటే చిన్నగానే ఉంటుంది కూడా. అందుకని నా వాదన సైజు గురించి కాదు. మూట విప్పగల సాఫ్ట్‌వేర్ ఉండాలి, మూట చినగకుండా ఉండాలి. పెన్‌డ్రైవ్ పాడై సగం మిగిలితే టెక్స్ట్ ఫైలులో ఆ సగమైనా చదువుకోవచ్చు. వర్డ్ ఫైలు చాలాసార్లు తెరవనే తెరవదు.

పాత డీటీపీ ఫాంట్ల సంగతి మన సీనియర్లకి బాగా తెలుసు. అప్పట్లో సంఘాల కరపత్రాలు, సావనీర్లు జిరాక్స్ సెంటర్లలో యూనికోడ్ కాని ఫాంట్లలో కొట్టించేవాళ్లు. తెర మీద తెలుగు కనపడేది, ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే గజిబిజి. ఇప్పుడు వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ వత్తుల దగ్గర తప్పులు దిద్దుకుంటూ కూర్చోవాలి. పదిహేను ఇరవై ఏళ్ల రాత అట్లా బీరువాలో సీడీల మీద మూలుగుతోంది. మనం మళ్లీ అదే చేయొద్దు.

ఇక మన భాషల విషయం. గోండి, కోయ, కొలామి, సవర, కువి మాట్లాడేవాళ్లం చాలామంది తెలుగు లిపిలోనే రాసుకుంటాం. గోండిలో ఊరు అంటే "నార్". ఫోన్ కీబోర్డు మీద కొట్టి చూడండి, "నారు" చేద్దామా అంటుంది, వరినారు అనుకుని. నీళ్లకి "ఏర్" అని కొడితే "ఏరు" అంటుంది. ఊరేమో నారైంది, నీళ్లేమో ఏరైంది. చదివేవాడికి తప్పు దొరకదు, ఎందుకంటే అవి కూడా మాటలే. పెద్ద రైటింగ్ యాప్‌లైతే ఇంకా ఎక్కువ సాయం చేస్తామంటాయి. మన మాట కింద ఎర్ర గీత పెడతాయి, వాక్యం "బాగు" చేస్తామంటాయి. మన భాష వాటికి తప్పుల కుప్ప. ఉత్త ఎడిటర్‌కి ఈ తెలివి లేదు. కొట్టింది కొట్టినట్టు ఉంచుతుంది. కీబోర్డు సెట్టింగుల్లో ఆటో కరెక్షన్ ఒక్కటి మీరు ఆపేసుకుంటే చాలు. నిఘంటువు కోసం మాటలు సేకరించేవాళ్లు ముందు చేయాల్సిన పని ఇది.

గుంజాల గోండి లిపిలో రాసేవాళ్లకి ఒక మాట. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన ఆ లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. మసారం గోండి అంతకు ముందు ఏడాదే చేరింది. అంటే వాటిని కూడా ఉత్త టెక్స్ట్ ఫైలులో దాచవచ్చు. ఒక్కో గుర్తుకి 4 బైట్లు పడతాయి, అంతే తేడా. ఫాంట్ లేని ఫోన్లో తెరిస్తే డబ్బాలు కనపడతాయి. డబ్బాలు చూసి భయపడొద్దు, లోపల అక్షరం భద్రంగా ఉంటుంది, నోటో వాళ్ల గుంజాల గోండి ఫాంట్ వేస్తే కనపడుతుంది. ప్రశ్నార్థకాలు కనపడితే మాత్రం భయపడాలి. సేవ్ చేసేటప్పుడే అక్షరం పోయిందని అర్థం, మళ్లీ రాదు.

ఆ ప్రశ్నార్థకాలు ఎక్కడ వస్తాయంటే, కాలేజీ ల్యాబుల్లో, నెట్ సెంటర్లలో పాత విండోస్ మీద. అక్కడి నోట్‌ప్యాడ్ మామూలుగా ఏఎన్ఎస్ఐ అనే పద్ధతిలో సేవ్ చేస్తుంది. తెలుగు కొట్టి సేవ్ నొక్కితే "కొన్ని అక్షరాలు పోతాయి" అని ఇంగ్లీషులో హెచ్చరిక వస్తుంది. తొందర్లో ఓకే కొట్టేస్తాం. తెలుగంతా ప్రశ్నార్థకాలే. సేవ్ యాజ్ డబ్బాలో కింద ఎన్‌కోడింగ్ అని ఉంటుంది, దాన్ని యూటీఎఫ్-8కి మార్చండి. పక్కనే యూనికోడ్ అని ఇంకోటి ఉంటుంది, అది వేరే రకం, తెలుగు పోదు కానీ అన్ని చోట్లా సాఫీగా తెరుచుకోదు. 2019 మే నెలలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది. అదే అప్‌డేట్‌తో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా వచ్చింది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ల్యాబ్ సార్ పర్మిషన్ అడిగే పని తప్పింది.

కాబట్టి ల్యాబ్‌లో నోట్‌ప్యాడే వాడండి. ఎక్కువ రాసేవాళ్లు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ పెట్టుకోండి. 2003 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. దాని పోర్టబుల్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరగొచ్చు, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఫైలు సేవ్ చేయకముందు కరెంటు పోయినా 7 సెకన్లకోసారి తానే ఒక కాపీ దాచుకుంటుంది. హాస్టల్లో, ఊళ్లో కరెంటు ఎట్లా పోతుందో తెలిసినవాళ్లకి ఇదొక్కటే చాలు. ఇంకోటి, ఒక ఫోల్డర్లో వంద ఫైళ్లున్నా అన్నిట్లో ఒకే మాట వెతుకుతుంది. "ఇప్ప" అని కొడితే ఇప్పచెట్టు గురించి ఎక్కడెక్కడ రాశామో అన్నీ చూపిస్తుంది. డౌన్‌లోడ్ మాత్రం దాని సొంత సైటు నుంచే చేసుకోండి.

కొత్త విండోస్‌లో ఒక చిన్న జాగ్రత్త ఉంది. విండోస్ 11లో నోట్‌ప్యాడ్ మూసినా, మళ్లీ తెరిస్తే ముందు రాసింది తానే తెచ్చి చూపిస్తుంది. మన సొంత కంప్యూటర్లో మంచిదే. ల్యాబ్‌లో అందరూ ఒకే లాగిన్ మీద కూర్చుంటారు కదా, మీ తర్వాత వచ్చినవాడు మీరు రాసింది చదువుతాడు. సెట్టింగుల్లో అది ఆపేయొచ్చు, లేదా లేచేముందు ఆ ట్యాబులు మూసేయండి. ఈమధ్య నోట్‌ప్యాడ్‌లో కూడా ఏఐతో తిరగరాయడం, 2025లో బోల్డ్, హెడ్డింగులు చేర్చారు. నోట్‌ప్యాడ్ గొప్పతనమే ఏమీ లేకపోవడం, దానికి కూడా నగలు వేస్తున్నారు! ఏఐ వాడాలంటే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. అవ్వకండి, ఉత్త రాతకి దాని అవసరం లేదు. ఇవన్నీ సెట్టింగుల్లో ఆపుకోవచ్చు.

ఫోన్లో అయితే నేను చెప్పేది మార్కర్. ఎఫ్-డ్రాయిడ్‌లో ఉచితంగా దొరుకుతుంది, లాగిన్ లేదు, ప్రకటనల్లేవు, నెట్ లేకున్నా పనిచేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మనం రాసింది ఫోన్ మెమరీలో మనకి కనపడే ఫోల్డర్లో మామూలు ఫైళ్లుగా ఉంటుంది. కేబుల్ పెట్టి కంప్యూటర్లోకి లాగొచ్చు, బ్లూటూత్‌లో పంపొచ్చు. రేపు మార్కరే లేకపోయినా ఆ ఫోల్డర్ మీదే. వేరే యాప్ నచ్చితే అదే వాడండి, నాకేం కమిషన్ లేదు. ఒక్కటి మాత్రం పరీక్షించండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరవండి, నాలుగు లైన్లు తెలుగు కొట్టండి, సేవ్ చేసి యాప్ బయటికొచ్చి ఫైల్ మేనేజర్లో ఆ ఫైలు వెతకండి. దొరికితే ఉంచుకోండి. దొరక్కపోతే ఎంత అందంగా ఉన్నా తీసేయండి.

పాత లాప్‌టాప్ ఎవరైనా ఇస్తే దాన్ని పారేయొద్దు. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11 వాటి మీద ఎక్కదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్న తేలికపాటి లినక్స్ వేస్తే హాయిగా నడుస్తుంది, దాంతోపాటు మౌస్‌ప్యాడ్ అనే ఎడిటర్ వస్తుంది. నోట్‌ప్యాడ్ వాడినవాళ్లకి కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లు వీఎస్ కోడ్ అంటారు. అది మంచిదే కానీ దాని లోపల ఒక బ్రౌజర్ మొత్తం ఉంటుంది, 2 జీబీ ర్యామ్ మీద ఊపిరాడదు. ఇంకొందరు విమ్ అంటారు. కోడ్‌కి భేష్, తెలుగుకి వద్దు. టెర్మినల్ గడులు గడులుగా అక్షరాలు పేరుస్తుంది, చాలావాటిలో మన వత్తులు, గుణింతాలు ఆ గడుల్లో సరిగా కూర్చోవు.

"అన్నా, కలెక్టర్‌కి అర్జీ పెట్టాలంటే నోట్‌ప్యాడ్‌లో ఎట్లా? హెడ్డింగ్ మధ్యలో ఉండాలి, సంతకం కుడి పక్క ఉండాలి" అంటారు. నిజమే. ప్రాజెక్టు రిపోర్టుకి టేబుళ్లు కావాలి, రెజ్యూమెకి అమరిక కావాలి. వాటికి లిబ్రెఆఫీస్ రైటర్ ఉంది, ఉచితం, దొంగ వర్డ్ కాపీలతో వైరస్ తెచ్చుకునే బాధ లేదు. కానీ అది చివరి అరగంట పని. ముందు విషయం రాయాలి. మన పిల్లలు అర్జీ రాయడానికి కూర్చుని మొదటి పావుగంట ఏ ఫాంట్, ఎంత సైజు అని చూస్తుంటారు, అసలు సంగతి రెండు లైన్లలో ముగిస్తారు. బోరు ఎప్పుడు పాడైంది, ఎన్ని ఇళ్లకి నీళ్లు లేవు, ఇంతకు ముందు ఎవరికి చెప్పారు, ఇవి ఉండవు. ఉత్త ఎడిటర్లో ఆడుకోవడానికి ఏమీ లేదు కాబట్టి కన్ను మాట మీదే ఉంటుంది. రాయడం అయ్యాక మొత్తం కాపీ చేసి రైటర్లో అతికించి, అప్పుడు అలంకరించండి. టెక్స్ట్ ఫైలు మాత్రం దగ్గరే ఉంచుకోండి. వచ్చే ఏడాది అదే అర్జీ మళ్లీ పెట్టాల్సి రావచ్చు, మన అనుభవం అంతే కదా.

గూగుల్ డాక్స్ గురించి కూడా అడుగుతారు. నలుగురు కలిసి ఒకే దాని మీద పని చేయాలంటే అది బాగుంటుంది, వాడండి. ఒక్కరే రాసుకునేదానికి, అందులో ఊళ్లో కూర్చుని రాసేదానికి, నెట్ మీద ఆధారపడటం ఎందుకు?

ఫైలు పేర్ల విషయంలో ఒక అలవాటు చేసుకోండి. తేదీ ముందు పెట్టండి, ఏడాది, నెల, రోజు వరసలో, తర్వాత రెండు మాటలు. ఫోల్డర్లో వాటంతటవే వరసగా కూర్చుంటాయి. ఫైలు మొదటి లైన్లో ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఎప్పుడు అని రాయండి, ఇది కథలు సేకరించేవాళ్లు అసలు మర్చిపోవద్దు. చెప్పినవాళ్లని అడిగి రాయండి, కొన్ని పూజల సంగతులు బయట పెట్టొద్దంటారు, అవి వేరే ఫోల్డర్. నెలకోసారి ఫోల్డర్ మొత్తం జిప్ చేసి ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మీ మెయిల్‌కి, ఇంకొకటి నమ్మకమైన దోస్తు దగ్గర పెట్టండి. ఫొటోలకి జాగా ఉండదు కానీ ఇది ఎంతని, రెండు మూడు ఎంబీ.

మార్కర్ వేసుకోవడం రాకపోతే కింద కామెంట్లో అడగండి. ల్యాబ్ కంప్యూటర్లో యూటీఎఫ్-8 ఎక్కడుందో దొరక్కపోతే తెర ఫొటో తీసి పెట్టండి. పాత ఫాంట్లలో ఉన్న సంఘం సావనీర్లు ఎవరి దగ్గరైనా సీడీల్లో ఉంటే అది కూడా చెప్పండి. దసరా సెలవుల్లో నలుగురం కూర్చుంటే కొన్నైనా యూనికోడ్‌లోకి దిద్దేయొచ్చు.